తలకట్టు మీట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా అత్తగారి విషయంలో ఆ సామెత తిరగబడింది. ఆవిడ నోటికి జడిసి ఊరే మంచిగా మసలుకునేది. పాలవాడు నీళ్ళు కలపాలంటే మా వీధి దాటేదాకా ఓపిక పట్టేవాడు. పేపరువాడు పేపరు విసిరేవాడు కాదు, గుమ్మం మీద పెట్టి చప్పుడు కాకుండా వెళ్ళిపోయేవాడు. ఇక అదే ఇంట్లో ఇల్లరికం ఉంటున్న నా సంగతి చెప్పేదేముంది!

ఆవిడ టైపు టీచరు. ఇంటి ముందుగదే ఇన్‌స్టిట్యూటు. ఊళ్ళో ఆఫీసుల్లో కూర్చున్న సగం మంది వేళ్ళు ఆవిడ రూళ్ళకర్ర రుచి చూసినవే. నేనేమో లిఫ్టు మెకానిక్కుని. "నువ్వు జనాన్ని పైకి తీసుకెళ్తావు, మళ్ళీ కిందికి దింపుతావు. మొత్తం మీద ఎక్కడివాళ్ళని అక్కడే ఉంచుతావు" అనేది. ఆదివారం పూట నేను కుర్చీలో కాళ్ళు చాపుకుని కనబడితే చాలు, "నువ్వు ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అబ్బాయ్" అనేది. వేళాకోళానికే అనేది. నేనూ నవ్వేసేవాణ్ణి. కానీ అత్తారింట్లో ఉండే అల్లుడికి ఆ మాట నవ్వినంత తేలిగ్గా అరగదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు ఆవిడ గొంతులో గడ్డ ఉందన్నారు. తీసేశారు. గడ్డ చెడ్డది కాదు, ప్రాణానికి భయం లేదన్నారు. అయితే అది మాట పలికించే నరానికి అంటుకుని పెరిగిందట, ఆ నరం నీరసపడింది. "మాట రావచ్చు, రాకపోవచ్చు. వానాకాలం వెళ్ళాక మళ్ళీ చూద్దాం" అన్నారు డాక్టరుగారు.

మొదటి నాలుగు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను అనుకోలేదంటే అబద్ధమాడినట్టే. ఆ తరవాత నాకు అన్నం సహించటం మానేసింది. చెప్పులు గుమ్మంలో అడ్డంగా విడిచాను, అడిగే దిక్కు లేదు. తడిగొడుగు తెచ్చి నట్టింట్లో నిలబెట్టాను. ఆవిడ చూసి తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవటం నేను భరించలేకపోయాను.

నా భార్య బళ్ళో లెక్కల టీచరు. అమ్మ కోసం ఒక పలకా, సుద్దముక్కా తెచ్చింది. ఇక్కడ ఒక ఇంటి గుట్టు చెప్పాలి. మా అత్తగారి దస్తూరి కోడి గెలికినట్టు ఉంటుంది. ఆ సంగతి లోకానికి తెలియకూడదనే ఆవిడ జీవితమంతా టైపు కొట్టిందని నా అనుమానం. పలకను అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద మూతగా పెట్టింది. పోనీ ఫోనులో రాయమంటే వేలు కూడా ఆనించలేదు. ఒంటి వేలితో కొట్టేది తలుపు, టైపు కాదని పిల్లలకి నేర్పిన మనిషి మరి.

ఆవిడ ఆశంతా ముందుగదిలో ఉన్న కంప్యూటరు మీదే. టైపు మిషన్లు పాత ఇనుముకి పోయాక కొన్నది అది. అందులో, అచ్చం మిషన్ మీద కొట్టినట్టే తెలుగు కొట్టుకునే ఏర్పాటు ఎవరో చేసి పెట్టారు. వీధివాళ్ళ అర్జీలన్నీ దాని మీదే కొట్టిచ్చేది. ఆస్పత్రి నుంచి రాగానే మంచం వైపైనా చూడకుండా వెళ్ళి దాని ముందు కూర్చుని స్విచ్చి వేసింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో క్షమాపణ లాంటిది వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ క్షమాపణే.

ఆవిడ దగ్గర టైపు నేర్చుకుని ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేసుకునే ఆయన ఒకాయన ఉన్నాడు. కబురు పెడితే తడిసిన రెయిన్‌కోటుతోనే పరిగెత్తుకొచ్చాడు. తల నెరిసింది గానీ టీచరు ముందు కూర్చోడు. నిలబడే మిషన్ విప్పి చూశాడు.

"మిషన్‌కేం కాలేదు అల్లుడుగారూ. లోపలి సిస్టమే ముసలిదైపోయింది. చేసినవాళ్ళే ఇక మా పూచీ లేదని చేతులు దులిపేసుకున్నారు."

"అయితే కొత్త సిస్టమ్ వేయించేద్దాం" అన్నాను.

"వెయ్యొచ్చు. దాన్ని ఈ మిషన్ మొయ్యలేదు. వేరే మిషన్ కొన్నా, మేడంగారి తెలుగు అందులో నడవదు. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకోవాలి."

అత్తగారి కనుబొమ్మ ఒకటి లేచింది. తెలుగింట్లోకి వెళ్ళటానికి ఇంగ్లీషువాడి పెరట్లోంచి దారేమిటని దాని అర్థం. ఆయనకీ అర్థమైంది, శిష్యుడు కదా.

"ఇంకో మార్గం ఉంది మేడం. లినక్స్ అని వేరే సిస్టమ్. ఉచితం."

రెండో కనుబొమ్మ కూడా లేచింది. ఊరికే వచ్చేదాన్ని నమ్మటం ఆవిడ ఒంట్లో లేదు.

"ఉచితమంటే ఎవరో పారేసింది కాదు మేడం. పదిమందీ ఇష్టపడి కలిసి కట్టుకున్న ఇల్లు. మిగతావన్నీ అద్దె కొంపలు, మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి. ఇందులో మనకి గాలి చాలకపోతే గోడ పగలగొట్టి కిటికీ పెట్టుకోవచ్చు. ఎవరూ వద్దనరు."

"మరింకేం, పెట్టెయ్యండి" అంది నా భార్య.

"అక్కడే చిక్కమ్మా. అదొక్కటి కాదు, బోలెడన్ని రకాలు. కొత్తవాళ్ళకి తేలిగ్గా ఉండేవి ఓ మూడు తెస్తాను, మేడంగారే చూసి చెప్తారు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే దాంట్లోంచే నడుస్తుంది. లోపల ఎక్కించక్కర్లేదు. ఆపేస్తే వచ్చిన గుర్తు కూడా ఉండదు."

"చుట్టపుచూపుగా వచ్చి పోతుందన్నమాట" అన్నాను.

"నచ్చితే ఇల్లరికం పెట్టుకుందాం" అంది నా భార్య, నా వైపు చూడకుండా. అందరం నవ్వాం. అత్తగారు కూడా నవ్వింది, చప్పుడు లేకుండా. ఆ నవ్వుల్లో ఆయన చెప్పిన ఆఖరి ముక్క ఎవరికీ గుర్తుండలేదు. దానికి మూల్యం తరవాత చెల్లించాం.

ఆదివారం మూడు పెన్‌డ్రైవులూ వచ్చాయి. మూడు సంబంధాలు వచ్చినట్టే ఇల్లంతా హడావిడి. మొదటిది నారింజరంగుది. చూడ్డానికి మహా దర్జాగా ఉంది గానీ దాన్ని మోయలేక మా పాత మిషన్ ఆయాసపడింది. బాణం గుర్తు జరపగానే కదలదు, ఆలోచించి కదులుతుంది. అత్తగారు పెదవి విరిచింది. రెండోది నీలం. చురుకైనది, పిలవగానే పలుకుతుంది. కానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, వాటిని పెద్దవి చేయాలంటే ఏదో మంత్రం టైపు చేయాలట. "ఇంటికి పిలిచి, వంట నువ్వే చేసుకో అన్నట్టుంది" అన్నాను. మూడోది ఆకుపచ్చది. పాతదాంట్లో ఎడమచేతి మూల బొత్తాం ఎక్కడుండేదో ఇందులోనూ అక్కడే ఉంది. గడియారం కుడి మూల ఎప్పటి చోటే ఉంది. అత్తగారి చెయ్యి వెతుక్కోకుండా ఆ మూలకి వెళ్ళింది. అక్షరాలు పెద్దవి చేసుకుంది, తెర రంగు మార్చుకుంది, వెనక్కి వాలి మా ముగ్గురినీ ఒకసారి చూసి తల ఊపింది.

"ఖాయం" అంది నా భార్య.

డీటీపీ ఆయన అందులోనే ఉన్న తెలుగు కీబోర్డు పెట్టాడు. అత్తగారు వెన్ను నిటారుగా పెట్టింది. మణికట్లు లేపింది. టైపు నేర్చినవాళ్ళు మీటల వైపు చూడరు, ఆవిడ కిటికీ వైపు చూస్తూ టకటకా కొట్టింది. ఎన్నాళ్ళకి విన్నాం ఆ చప్పుడు! మేం తెర వైపు చూశాం.

"మ్రపుహ టెదవ ళౌచ" అని ఉంది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఆవిడ తెర వైపు చూడటం మానేసి తన చేతుల వైపు చూసుకుంది. గడ్డ ఉందన్నప్పుడు గానీ, మాట పోయినప్పుడు గానీ ఆవిడ ముఖంలో అంత భయం నేను చూడలేదు.

"మేడం, తప్పు మీది కాదు, అక్షరాల అమరిక వేరు" అని డీటీపీ ఆయన కంగారుపడ్డాడు. "మన మిషన్ అమరికే ఇందులో మనం రాసి పెట్టుకోవచ్చు. గోడ పగలగొట్టి కిటికీ పెట్టుకోవచ్చన్నాను కదా. ఏ అక్షరం ఎక్కడుండేదో మీరు చూపిస్తే చాలు. నేను ఇంగ్లీషు టైపు లోయరు పరీక్షే పాసయ్యాను, తెలుగు మిషన్ మీద కూర్చోలేదు. నెట్‌లో వెతికితే ఒకటికి మూడు దొరికాయి, ఒకదానికొకటి పొసగటం లేదు. చెప్పండి మేడం, 'క' ఎక్కడ?"

ఆవిడ కీబోర్డు మీదికి వంగింది. చూపుడు వేలు ఒక మీట మీద పెట్టింది, తీసేసింది. ఇంకోదాని మీద పెట్టింది. తల అడ్డంగా ఊపింది.

"పోనీ 'మ'?"

దానికీ తెలియదంది. అంతమందికి తెలుగు టైపు నేర్పిన మనిషికి 'మ' ఎక్కడుందో తెలియలేదు. లేచి, కుర్చీ సర్ది, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ తరవాత వాన పట్టుకుంది. బేస్‌మెంటుల్లో నీళ్ళు చేరి ఊళ్ళో లిఫ్టులన్నీ మొరాయించాయి. తడిసి ముద్దై ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వంటింట్లో ఒంటరిగా కూర్చుని ఉండేది. అత్తగారు ముందుగదిలోకి రావటం మానేసింది. కూరలో ఉప్పు మరిచినా కనుబొమ్మ లేవటం లేదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. అంత మంచితనం ఆవిడలో ఎప్పుడూ చూసి ఎరగం.

"అమ్మకి మాట ఒక్కటే పోలేదండీ" అంది నా భార్య ఒకరోజు. "మాట వెనకాలే అమ్మా వెళ్ళిపోతోంది. ఏదో ఒకటి చెయ్యండి."

ఏం చేయాలో నాకు మాత్రం ఏం తెలుసు? పొద్దున్నే పేపరు పైకి చదవటం ఒకటి చేశాను. అదెందుకంటే, నా నోటికి ఒత్తులు పలకవు. నేను పేపరు చదువుతుంటే ఆవిడ ఎక్కడున్నా సరే, "ఒత్తు, అబ్బాయ్, ఒత్తు!" అని కేకేసేది. ఆ కేక వినాలని నాకు మనసులో పీకుతుండేది. రాదని తెలిసినా, కాఫీ తాగుతున్న ఆవిడ ఎదురుగా కూర్చుని రోజూ చదివేవాణ్ణి.

ఆ రోజు "వరద బాదితులకు సాయం" అని చదివాను. బల్ల మీద టక్ టక్ మని చప్పుడైంది. వాన చినుకనుకుని ఇంకో రెండు వాక్యాలు చదివాను. చప్పుడు నాతోనే వస్తోంది. నేనాగితే ఆగుతోంది. పేపరు అంచు మీదుగా చూశాను. అత్తగారు కిటికీ బయటికి చూస్తోంది. ఆవిడ పది వేళ్ళూ బల్ల అంచు మీద ఉన్నాయి.

నేను నెమ్మదిగా, మళ్ళీ "బాదితులకు" అన్నాను. ఆవిడ వేలొకటి ఒకే చోట రెండుసార్లు గట్టిగా కొట్టింది, తప్పు దిద్దుతున్నట్టు.

ముందుగదిలోకి వెళ్ళి కీబోర్డు వైరు పీకి తెచ్చి, మెల్లగా ఆవిడ చేతుల కిందికి జరిపాను. కూర్చుని పేపరు అందుకుని చదువుతూ పోయాను. వేళ్ళు నడుస్తూ పోయాయి. మేం వెతికింది ఆవిడ తలలో లేదు, వేళ్ళలో ఉంది. 'క' ఎక్కడుందని అడిగితే వేళ్ళకి తెలియదు. 'కాకి' అనాలి. అంటే అవే వెళ్ళి వాలతాయి. లిఫ్టు తాడు చేత్తో పట్టుకుంటే నాకు ఎంత సాగిందో తెలుస్తుంది. ఎలా తెలిసిందో చెప్పమంటే నేనూ నీళ్ళు నములుతాను.

అక్కణ్ణించి మా ఇంట్లో రోజూ డిక్టేషను. ఏ అక్షరమూ మిగిలిపోకుండా మా ఆవిడ మాటలు ఏరి ఇచ్చేది. ఢంకా, ఝల్లు, ఠీవి, ఔషధం. నేను చదివేవాణ్ణి. అత్తగారు కొట్టేది. డీటీపీ ఆయన కీబోర్డును తన లాప్‌టాప్‌కి తగిలించుకుని ఏ మాటకి ఏ మీట పడిందో పట్టుకునేవాడు. ఔషధం దగ్గర నేను ఎప్పటిలాగే దొరికిపోయేవాణ్ణి. వేలు రెండుసార్లు టక్కుటక్కుమనేది. తిట్టు తిన్నట్టే ఉండి కడుపు నిండేది.

ఒకరోజు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు డీటీపీ ఆయన తల గోక్కున్నాడు.

"ఒక మీట ఉందమ్మా, దాంతోనే తంటా. దాదాపు ప్రతి మాటలోనూ పడుతోంది, ఏ అక్షరమో అంతుపట్టటం లేదు."

నా భార్య చిన్నప్పటి నుంచీ ఆ గదిలో తిరిగిన పిల్ల. కాసేపు చూసి, నవ్వింది.

"అది తలకట్టండీ. మిషన్ మీద అక్షరం బోడిగా పడేది. 'క' కావాలంటే దాని నెత్తిన తలకట్టు విడిగా కొట్టాలి. 'కి' కావాలంటే తలకట్టు మాని గుడి కొట్టాలి."

"కంప్యూటర్లో అక్షరం తలకట్టుతోనే పుడుతుంది కదా. అయితే ఆ మీటకి ఇప్పుడు పని లేదు. కొట్టక్కర్లేదని మేడంగారికి చెప్పేద్దామా?"

నేనూ మా ఆవిడా ముఖాలు చూసుకున్నాం. ఇప్పటికి ఒకసారి ఆవిడ తన చేతుల్ని నమ్మటం మానేసింది. మళ్ళీ ఆ చేతులకే నువ్వు మారాలని ఎలా చెప్పటం?

"ఆ మీట నొక్కితే ఏమీ జరగకుండా చెయ్యగలరా?" అంది నా భార్య.

"ఏమీ జరగకుండా చెయ్యటమంత తేలికైన పని ఇంకోటి లేదమ్మా!"

అలాగే చేశాడు. మా ముగ్గురి మధ్యే ఉంచాం.

అమరిక పూర్తయిన రోజు శనివారం. నా భార్య ఇంకా బడి నుంచి రాలేదు. డీటీపీ ఆయన ఆకుపచ్చ పెన్‌డ్రైవు పెట్టి, దాంట్లోకి మా అమరిక ఎక్కించాడు. "ఈ పూటకి ఇలా చూద్దాం మేడం. బాగుంటే రేపొచ్చి లోపల పూర్తిగా వేసేస్తాను."

అత్తగారు వెన్ను నిటారుగా పెట్టి, కిటికీ వైపు చూస్తూ కొట్టింది. తెర మీద "అమ్మడూ" అని పడింది. అమ్మడు అంటే నా భార్య. ఆవిడ ఆ మాటని అలా చూస్తూ ఉండిపోయింది. డీటీపీ ఆయన కళ్ళు తుడుచుకోవటానికి వాన చూసే వంకతో గుమ్మంలోకి వెళ్ళాడు.

ఇంతలో నాకు ఫోను. ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగింది, లోపల మనుషులున్నారు. ఆయనకీ ప్రెస్సు నుంచి పిలుపొచ్చింది. "కొడుతూ ఉండండి అత్తయ్యగారూ, వచ్చి చూస్తాం" అని ఇద్దరం బయటపడ్డాం.

లిఫ్టులో వాళ్ళని దింపి, బడి దగ్గర మా ఆవిడని బండెక్కించుకుని, సంగతంతా దారి పొడుగునా చెబుతూ తెచ్చాను. మేం వచ్చేసరికి అత్తగారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది. మార్కుల కోసం చూసే పిల్లలా ఉంది ముఖం. ముందుగది వైపు చెయ్యి చూపింది, వెళ్ళి చూడండని.

వెళ్ళాం. కంప్యూటరు ఆపేసి ఉంది. దాని మీద పాత టైపు మిషన్ రెక్సిన్ తొడుగు నీటుగా కప్పి ఉంది. పని అయ్యాక మిషన్ ఆపి మూత వేయందే కుర్చీ లోంచి లేవకూడదు. అది ఇన్‌స్టిట్యూటు రూలు. డీటీపీ ఆయన చెప్పిన ఆఖరి ముక్క నాకప్పుడు గుర్తొచ్చింది.

నా భార్య సంబరంగా తొడుగు తీసి స్విచ్చి వేసింది. తెర వచ్చింది, కొత్తగా, శుభ్రంగా, ఎవరూ ఎప్పుడూ తాకనట్టు. అత్తగారు వచ్చి వెతికింది. ఆవిడ చేయాల్సినవన్నీ చేసింది. కొట్టింది, పేరు పెట్టి దాచింది, పద్ధతిగా ఆపింది. ఆ దాచినది కూడా చుట్టంతో పాటే వెళ్ళిపోయింది.

"అత్తయ్యగారూ" అన్నాను. "అది ఇంకా చుట్టమేనండీ. ఆపేస్తే ఏమీ ఉంచుకోదు. ఆయన ఆ రోజు చెప్పాడు, మేమెవరం పట్టించుకోలేదు."

"ఏం రాశావమ్మా? ఎంత రాశావు?" అని మా ఆవిడ వాళ్ళమ్మ భుజం పట్టుకుంది.

అత్తగారు తెర పొడుగునా చెయ్యి పై నుంచి కింది దాకా తీసుకొచ్చింది. నిండా. తరవాత అదే చేత్తో పోనిమ్మన్నట్టు విసిరింది. తానే మిషన్ ఆపి, తానే తొడుగు కప్పి, అంచులు సర్ది, గదిలోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఆ తొడుగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకైతే ఆ వానలో ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ ఒకేసారి తెగిపడినా అంత బాధ కలిగేది కాదు.

మర్నాడు డీటీపీ ఆయన తన్ను తాను తిట్టుకుంటూ వచ్చి సిస్టమ్‌ని మిషన్ లోపల శాశ్వతంగా వేశాడు. అమరికా పెట్టాడు. ఆపి, వేసి, మళ్ళీ ఆపి, వేసి చూపించాడు. "ఇప్పుడిక ఇంటి మనిషి మేడం, ఎక్కడికీ పోదు" అని మూసిన తలుపుకి చెప్పి వెళ్ళాడు. ఆ రోజంతా తలుపు తెరుచుకోలేదు.

ఆ మర్నాడు నేను ఎప్పటిలా పేపరు తీశాను. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. అయినా చదివాను. "వృద్దులకు ఉచిత వైద్యం."

ముందుగదిలో టకటకమంది.

నేను లేవలేదు. లేస్తే ఆగిపోతుందేమోనని. చప్పుడు ఆగాక వెళ్ళాను. ఆవిడ కిటికీలోంచి పాలవాడిని చూస్తోంది. తెర మీద ఒకటే వాక్యం ఉంది.

"ఒత్తు, అబ్బాయ్, ఒత్తు."

ఇక అక్కణ్ణించి మా ఇంటికి నోరొచ్చింది. ఆవిడ కొట్టటం, నేను పైకి చదవటం. "కూరలో ఉప్పు నిన్న ఎక్కువ, ఇవాళ తక్కువ. రెండూ కలిపి తింటే సరిపోతుంది." "గొడుగు కారుతోంది, ఇల్లు కాదు. బయట పెట్టు." నేను గుమ్మంలోకెళ్ళి పాలవాడితో, "పాలల్లో నీళ్ళు కలిపావా, నీళ్ళల్లో పాలు కలిపావా అని అడుగుతున్నారు మా అత్తగారు" అంటే, వాడు నిజంగానే వణికాడు. లిఫ్టులు దింపుకునే నేను ఊరంతటికీ అత్తగారి గొంతునయ్యాను. ఒత్తులు లేని గొంతు.

పోయిన ఆ పేజీలో ఏముందని నా భార్య అడుగుతూనే ఉండేది. ఆవిడ ప్రతిసారీ ఒకటే కొట్టేది. "చెడిన కాగితాన్ని దిద్దకూడదు. కొత్తది ఎక్కించాలి."

వానలు వెనకపట్టాయి. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. లైటు వేసి, గొట్టం పెట్టి, చాలాసేపు చూశారు. చేతులు కడుక్కుంటూ, మాట ఇక రాదని చెప్పారు. అత్తగారు ఆయనకి నమస్కారం పెట్టి లేచింది.

ఇంటికి రాగానే మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఏడుపు వినబడకుండా ఉండటానికని అందరికీ తెలుసు. అత్తగారు చెప్పులు విడిచి నేరుగా ముందుగదిలోకి వెళ్ళింది. తొడుగు తీసి, మడిచి, పక్కన పెట్టి కొట్టటం మొదలుపెట్టింది. నేను వెనక నిలబడి వంటింటికి వినబడేలా చదివాను.

"అమ్మడూ, కుళాయి కట్టు. నీళ్ళు వృదా."

టక్కుటక్కుమని బల్ల మోగింది.

"వృథా" అన్నాను.

కుళాయి ఆగింది. ఆవిడ కొడుతూ పోయింది, నేను చదువుతూ పోయాను. "ఏడవకు. పోయింది గొంతు. మాట పోలేదు. మాట ఇదిగో ఇక్కడుంది. వినిపించటానికి మీ ఆయన ఉన్నాడు. ఒత్తులు రావు గానీ, గట్టిగా చదువుతాడు."

వంటింట్లోంచి ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. ఆవిడ కొంచెం ఆగింది. కింద ఒక వరస ఖాళీ వదిలి మళ్ళీ కొట్టింది. ఈసారి నేను చదవబోయి ఆగిపోయాను.

"తర్వాతేం రాసిందండీ? చదవండి" అంది మా ఆవిడ లోపలి నుంచి.

అత్తగారికున్న రెండు గొంతుల్లో రెండోది కూడా ఆ క్షణాన పోయింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి తనే చదివింది.

"అబ్బాయ్, తలకట్టు మీట ఏమీ చెయ్యటం లేదని నాకు మొదటి రోజే తెలుసు. ముగ్గురూ కలిసి నా దగ్గర దాచారు. అయినా కొడుతున్నాను. అది కొట్టకపోతే చెయ్యి లయ తప్పుతుంది. ఈ ఇంట్లో నువ్వూ అంతే."

చదివి నా భార్య నా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది.

"ఆ రోజు పోయిన పేజీలో ఉంది ఇదేనా అమ్మా?"

అత్తగారు మా వైపు తిరగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఒక్క మీట ఒక్కసారి కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు. టక్కుమన్న చప్పుడు మాత్రం ఇద్దరికీ వినిపించింది.